యూబా సిటీ దగ్గర వరిచేల మధ్య పాడుబడిన రన్‌వే: దీని చరిత్ర ఎక్కడ వెతకాలి?

వరిచేలగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఉత్తర కాలిఫోర్నియాలోని యూబా సిటీ శివార్లలో ఆరేళ్లుగా ఉంటున్నాం. ఈ ఏడాది మే నెలలో అమలాపురం దగ్గరి మా ఊరి నుంచి నాన్నగారు వచ్చారు. యాభై ఏళ్లు వరి పండించిన మనిషి కావడంతో ఆయనకు ఇక్కడి ఊళ్లకన్నా చేలమీదే మనసు ఎక్కువ. రోజూ సాయంత్రం సట్టర్ బ్యూట్స్ కొండల వైపు కారులో తీసుకువెళ్లి, ఎక్కడో ఒక చోట మట్టి రోడ్డు పక్కన ఆపి, కాసేపు నడిచి వస్తున్నాం.

గత వారం అలా నడుస్తున్నప్పుడు ఒక కాలువ గట్టుకు సమాంతరంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి తిన్నగా సాగిన సన్నని తారు పట్టీ ఒకటి కనిపించింది. తారు పలకలుగా పగిలి, ఆ పగుళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఒక చివర తలుపులు లేని రేకుల షెడ్డు, దాని ముందు కాంక్రీటు చప్టా, పక్కన తుప్పుపట్టిన ఇనుప ట్యాంకు ఉన్నాయి. ఇంటికి వచ్చాక ఉపగ్రహ చిత్రంలో కొలిస్తే పొడవు దాదాపు 2,200 అడుగులు వచ్చింది. మా వీధిలో ఉండే పంజాబీ పెద్దాయన దశాబ్దాలుగా ఇక్కడ పీచ్ తోటలు చేస్తున్నారు. ఆయన నాన్నగారితో హిందీలో చెప్పినదాన్ని బట్టి, పూర్వం పొలాలకు మందులు కొట్టే విమానాలు, విత్తనాలు చల్లే విమానాలు అక్కడి నుంచే ఎగిరేవట. ఎప్పుడు కట్టారో, ఎప్పుడు మానేశారో ఆయనకు గుర్తు లేదు.

విమానాశ్రయాల జాబితాల్లోనూ, పాడుబడిన విమానాశ్రయాల చరిత్ర రాసే వెబ్‌సైట్లలోనూ వెతికాను. దీని పేరు గానీ, ఊసు గానీ ఎక్కడా లేదు. ఇలాంటి ప్రైవేటు వ్యవసాయ రన్‌వేల చరిత్ర తెలుసుకోవడానికి ఏ రికార్డులు చూడాలి? ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ ప్రాంతంలో ఇప్పటికీ వరి విత్తనాలు విమానంతోనే చల్లుతున్నారు, పసుపుపచ్చని పెద్ద విమానం ఒకటి నీళ్లు నిండిన చేల మీద అటూ ఇటూ తిరుగుతూ గింజలు పోయడాన్ని నాన్నగారు నేను ఆపేవరకూ చూస్తూ నిలబడ్డారు. పని ఆగలేదు గదా, మరి రన్‌వే ఎందుకు ఆగిపోయిందన్నది ఆయన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

పాతపటాలు

మీరు విమానాశ్రయాల రికార్డుల్లో వెతికారు కాబట్టి దొరకలేదు. అది విమానాశ్రయంగా పుట్టినది కాదు. మన ఊళ్లో కళ్లం ఎలాంటిదో, అక్కడి రైతుకు అది అలాంటిది. ఏటా కొన్ని వారాలు దాని మీద పని ఒత్తిడి విపరీతంగా ఉంటుంది, మిగతా కాలమంతా ఖాళీగా పడి ఉంటుంది, దానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచదు. అందుకే దాని చరిత్ర విమానాల కాగితాల్లో కన్నా పొలాల కాగితాల్లో ఎక్కువగా దొరుకుతుంది.

విమాన చార్టుల సంగతి ముందు చెప్పి పక్కన పెడతాను. అమెరికా విమాన చార్టుల్లో ప్రైవేటు రన్‌వేను వలయంలో ఆర్ అక్షరంతో, వదిలేసిన రన్‌వేను వలయంలో ఎక్స్ గుర్తుతో చూపిస్తారు. అయితే వదిలేసినవాటిలో తారు వేసి, పైలట్లకు ఆనవాలుగా పనికివచ్చేలా 3,000 అడుగులకు తగ్గకుండా ఉన్నవాటికే ఆ ఎక్స్ గుర్తు పెడతారు. మీ రన్‌వే 2,200 అడుగులే కనుక పనిలో ఉన్న రోజుల్లో చార్టుకెక్కి ఉన్నా, మూతపడ్డాక ఏ గుర్తూ మిగలకుండా పోయి ఉంటుంది. పాత చార్టుల స్కాన్లు ఇంటర్నెట్లో ఉన్నాయి, ఒకసారి చూడండి గానీ వాటిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

అసలు వెతకవలసింది భూసర్వే పటాల్లో. అమెరికా భూగర్భ సర్వే సంస్థ గీసిన ఏడున్నర నిమిషాల (అక్షాంశ రేఖాంశాల కొలతలో) పటాలను పాతవాటితో సహా ఉచితంగా దించుకోవచ్చు. వాటిలో ఇలాంటి పట్టీల పక్కన చిన్న అక్షరాలతో ‘ల్యాండింగ్ స్ట్రిప్’ అని రాసి ఉంటుంది. ఈ పటాల్లో నాకు చాలా ఇష్టమైన ఆనవాలు ఒకటుంది. పటాన్ని మళ్లీ పూర్తిగా సర్వే చేయకుండా, కొత్తగా తీసిన ఆకాశ ఫోటోలను చూసి మార్పులు మాత్రం చేర్చినప్పుడు ఆ మార్పులను ఊదా రంగులో అచ్చువేసేవారు, సవరించిన సంవత్సరాన్ని అట్టడుగున ముద్రించేవారు. మీ రన్‌వే నలుపులో ఉంటే మొదటి సర్వే నాటికే ఉన్నట్టు, ఊదాలో ఉంటే మొదటి సర్వేకూ సవరణకూ మధ్య వచ్చినట్టు. ఒక్క రంగుతో కట్టిన కాలం పదిపదిహేనేళ్ల పరిధిలోకి వచ్చేస్తుంది.

ఆ తరువాత ఆకాశ ఫోటోలు. 1930ల చివరి నుంచి అమెరికా వ్యవసాయ శాఖ రైతులు ఎన్ని ఎకరాల్లో ఏ పంట వేశారో కొలవడానికి కౌంటీల (అక్కడి జిల్లాల) వారీగా ఫోటోలు తీయించింది, కొన్నేళ్లకోసారి ఆ పని మళ్లీ చేయించింది. కాలిఫోర్నియాకు సంబంధించిన పాత ఫోటోల పెద్ద సేకరణ శాంటా బార్బరా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది, చాలా భాగం ఇంటి నుంచే చూడవచ్చు. తాజా కాలానికి వ్యవసాయ శాఖవారే 2003 నుంచి తీయిస్తున్న ఫోటోలు ఉన్నాయి. వరుసగా పెట్టి చూసేటప్పుడు రన్‌వే ఉందా లేదా అన్నది మాత్రమే కాక, చప్టా దగ్గర లారీలు నిలబడి ఉన్నాయా, తారు మీద చక్రాల నల్లని చారలు తాజాగా ఉన్నాయా, షెడ్డు పక్కన రెక్కలు కనిపిస్తున్నాయా అని కూడా గమనించండి. రన్‌వే మూతపడిన రోజును ఎవరూ రాసిపెట్టరు, దాన్ని ఆ చారలు చెరిగిపోవడంలోనే పట్టుకోవాలి.

మూడోది కౌంటీ కార్యాలయం. భూమి చేతులు మారిన దస్తావేజులు రికార్డరు దగ్గర ఉంటాయి, రన్‌వేకు వినియోగ అనుమతి అడిగి ఉంటే ఆ దరఖాస్తు ప్లానింగ్ విభాగంలో ఉండవచ్చు. కాలిఫోర్నియాలో పురుగుమందులు చల్లే వ్యాపారులు, పైలట్లు ఏటా కౌంటీ వ్యవసాయ కమిషనర్ దగ్గర నమోదు చేసుకోవాలి, కనుక ఆ కార్యాలయంలో పాత గుమస్తా ఎవరైనా ఉంటే కాగితాలకన్నా ఆయన జ్ఞాపకం ముందుగా పనికివస్తుంది. స్థానిక పత్రికల్లో వెతికేటప్పుడు రన్‌వే పేరుతో కాకుండా పొలం యజమాని ఇంటిపేరుతో వెతకండి. మీ ప్రశ్నకు సూటి సమాధానం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది, అది ప్రమాదవార్తో, మరణవార్తో అయి ఉండటమే బాధాకరం.

కాలం గురించి ఇంకొంచెం. విమానంతో పంటకు మందు చల్లడం 1921 ఆగస్టు 3న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ దగ్గర మొదలైంది. జాన్ మెక్‌రెడీ అనే సైనిక పైలట్ ఆరెకరాల కటాల్పా చెట్ల తోపు మీద గొంగళిపురుగులకు సీసపు ఆర్సినేటు పొడి చల్లాడు. మరుసటి ఏడాదే లూసియానాలోని టల్లూలాలో పత్తి మీద ప్రయోగాలు జరిగాయి. అదే రాష్ట్రంలోని మన్రో కేంద్రంగా పత్తికి పొడి చల్లిన హఫ్ డాలండ్ డస్టర్స్ అనే సంస్థ చివరికి డెల్టా ఎయిర్‌లైన్స్ అయింది. మనవాళ్లలో అట్లాంటా మీదుగా ప్రయాణించని కుటుంబం తక్కువ, ఆ విమానాల వెనక ఒక పత్తిచేను ఉందని మాత్రం చాలామందికి తెలియదు.

అయినా మీ పరిసరాల్లో ఉన్నలాంటి పొలం రన్‌వేలు గుంపులుగా పుట్టుకొచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తరువాతే. యుద్ధంలో శిక్షణకు వాడిన స్టీర్‌మన్ జంటరెక్కల విమానాలు 8,000కు పైగా తయారయ్యాయి, యుద్ధం అయిపోగానే సైన్యం వాటిని చవకగా అమ్మేసింది. ముందు సీటు తీసేసి అక్కడ తొట్టి పెట్టారు, 220 గుర్రాల బలమున్న ఇంజను పీకేసి 450 గుర్రాల ఇంజను బిగించారు. ఉద్యోగం కోసం చూస్తున్న యుద్ధ పైలట్లకూ కొదవ లేదు. పొలం పని కోసమే మొదటి నుంచీ ఆలోచించి చేసిన విమానం 1950 డిసెంబరు 1న టెక్సాస్‌లో ఎగిరింది. దాన్ని రూపొందించిన ఫ్రెడ్ వైక్ పైలట్‌ను తొట్టికి వెనక, ఎత్తుగా కూర్చోబెట్టాడు, విమానం నేలను ఢీకొన్నా తొట్టి వచ్చి మనిషి మీద పడకూడదన్న ఆలోచన దాని వెనక ఉంది. స్టీర్‌మన్ వంటి మార్చిన విమానాల్లో తొట్టి ముందు, మనిషి వెనక ఉన్నా, అవి ఇలాంటి ప్రమాదాన్ని తట్టుకోవడానికి కట్టినవి కావు. 1957లో గ్రమ్మన్ యాగ్‌క్యాట్ వచ్చాక వరి ప్రాంతాల్లో అది బాగా స్థిరపడింది. మీ షెడ్డు తలుపు వెడల్పు కొలిస్తే లోపల ఏ విమానం పట్టేదో కొంత అంచనా కట్టవచ్చు.

బాపట్ల పూర్వవిద్యార్థి

మీ నాన్నగారి ప్రశ్న నన్ను ఆకట్టుకుంది, అందుకే రాస్తున్నాను. నేను బాపట్లలో వ్యవసాయ శాస్త్రం చదివి, తరువాత కొంతకాలం శాక్రమెంటో లోయలోని వరిచేలలో పనిచేశాను.

ముందుగా ఆయనకు ఒక మాట చెప్పండి. ఆ విమానం పోసేది పొడి విత్తనం కాదు, మండె కట్టిన విత్తనం. మనం నారుమడికి ఎలా చేస్తామో దాదాపు అలాగే ఒక రోజు నీళ్లలో నానబెట్టి, ఒక రోజు నీరు ఓడ్చి, ముక్కు పగలబోతున్న దశలో తీసుకొచ్చి చల్లుతారు. నానిన గింజ బరువుగా ఉండి నీటి అడుగుకు దిగుతుంది, పొడి గింజయితే తేలి గాలికి ఒక మూలకు కొట్టుకుపోతుంది. చేను దున్నే పద్ధతిలో మాత్రం తేడా ఉంది. వాళ్లు దమ్ము చేయరు. పొడి నేలను దున్ని, చదును చేసి, గాళ్లున్న రోలరుతో తొక్కించి, ఆ తరువాత నాలుగైదు అంగుళాల నీరు పెడతారు. గింజలు ఆ గాళ్లలో కూర్చోవడంతో అలలకు కదలవు. కొన్ని వారాలకు పైరు నీటి పైకి తేలినప్పుడు సన్నని వరుసలుగా కనిపించేది అందుకే.

ఇంత నీటిలో విత్తడం ఎందుకు మొదలైందంటే, ఊద గడ్డి వల్ల. ఆ లోయలో వాణిజ్యపరంగా వరి సాగు 1912లో బ్యూట్ కౌంటీలోని రిచ్‌వేల్ ప్రాంతంలో మొదలైంది. కొద్ది ఏళ్లలోనే ఊద చేలను ముంచెత్తింది. నాటు వేసి, మనుషులతో కలుపు తీయించే దేశం కాదు గదా, కనుక నీళ్లు ఎడతెగకుండా నిలబెట్టి ఊదను అణచడమే వారికి మిగిలిన దారి అయింది. చేలో నీళ్లు నిలబడ్డాక యంత్రం దిగదు, దిగినా చేసిన చదును చెడుతుంది. 1929లో విమానంతో వరి విత్తడం అక్కడ మొదలైంది. అంటే మీ ఊరి పక్కనున్న రన్‌వేకు మూలకారణం ఊద అని నేను గట్టిగా అనగలను.

ఇక రన్‌వే చేను పక్కనే ఎందుకు ఉండాలి, తరువాత ఎందుకు అక్కర్లేకపోయింది అనేది లెక్క వేస్తే తేలిపోతుంది. ఎకరాకు 150 పౌండ్లు, అంటే 68 కిలోల విత్తనం అనుకుందాం. 160 ఎకరాల కమతానికి 24,000 పౌండ్లు అవుతుంది, నానితే మరో నాలుగో వంతు పెరిగి దాదాపు 30,000 పౌండ్లకు చేరుతుంది. పాత స్టీర్‌మన్ ఒక్కసారికి సుమారు 1,100 పౌండ్లు, అంటే అర టన్ను మోస్తుందనుకుంటే దాదాపు 27 సార్లు ఎగరాలి. గంటకు 90 మైళ్ల వేగంతో, రన్‌వే 15 మైళ్ల దూరంలో ఉంటే ఒక్కో తడవకు రానూపోనూ ఇరవై నిమిషాలు, 27 తడవలకు తొమ్మిది గంటలు కేవలం దారిలోనే పోతాయి. అదే రన్‌వే రెండు మైళ్లలో ఉంటే మొత్తం గంటా పావు కూడా పట్టదు. విత్తే అదను ఏప్రిల్ నడుమ నుంచి మే చివరి దాకా మాత్రమే ఉంటుంది, మండె కట్టిన విత్తనం ఎక్కువసేపు నిలవ ఉంచేది కాదు. అందుకే రైతు తన చేలోంచి కొన్ని ఎకరాలు వదులుకుని అక్కడే తారు వేయించుకున్నాడు.

ఇప్పుడు మీరు చూసిన పసుపుపచ్చని విమానం సంగతి చూడండి. మీ వర్ణనను బట్టి అది ఎయిర్ ట్రాక్టర్ కావచ్చు. ఆ సంస్థ పెద్ద విమానం ఏటీ-802కు 800 గ్యాలన్ల తొట్టి ఉంటుంది. 8,000 పౌండ్లు మోస్తుందనుకుంటే అదే కమతం నాలుగు తడవల్లో అయిపోతుంది. వేగం గంటకు 180 మైళ్లు అనుకుంటే 15 మైళ్ల దూరం నుంచి వచ్చినా దారిలో పోయేది మొత్తం 40 నిమిషాలే. నిండు బరువు 7 టన్నులు దాటే ఆ విమానాన్ని 2,200 అడుగుల పల్చని తారు మీద నడపడం ఎవరికీ ఇష్టం ఉండదు కూడా. కనుక పని ఒక పెద్ద రన్‌వేకు చేరింది, చుట్టూ ఉన్న చిన్నవి ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మీ నాన్నగారితో నేనైతే ఇలా చెబుతాను: ఊరికో కళ్లం ఉండే చోట కోతమిషను వచ్చాక కళ్లాలు ఏమయ్యాయో, ఇక్కడ రన్‌వేలూ అలాగే అయ్యాయి.

దీనికి తోడు మరికొన్ని ఒత్తిళ్లు వచ్చిపడ్డాయి. ఆ లోయలో వరికి ఆనుకుని ప్రూన్ తోటలు ఉంటాయి, విమానంలోంచి కొట్టిన ప్రొపనిల్ కలుపు మందు గాలికి ఆ తోటల మీద పడి ఆకులు మాడడంతో దాని వాడకాన్ని కట్టడి చేశారు. 1980ల మొదట్లో మోలినేట్, థయోబెన్‌కార్బ్ అనే వరి కలుపు మందులు మురుగు కాలువల ద్వారా నదిలో కలిసి చేపలు చనిపోవడం, శాక్రమెంటో నగరపు తాగునీటికి చేదు రావడం జరిగాయి. ఆ తరువాత మందు కొట్టిన చేలో నీటిని నిర్ణీత రోజులు బయటికి వదలకూడదన్న నిబంధన పెట్టారు. నియమాలు పెరిగే కొద్దీ ఒక విమానం, ఒక రన్‌వే పెట్టుకుని బతికే చిన్న వ్యాపారికి కష్టం పెరుగుతుంది. చేను చివర్లలో జెండా పట్టుకుని విమానానికి వరుస చూపించే మనుషుల పని కూడా 1990లలో జీపీఎస్ వచ్చాక పోయింది. విమానం కిందే నిలబడి, పైన పడే మందంతా ఒంటిమీద పోయించుకున్న వాళ్ల పని అది, పోవడమే మంచిదయింది.

నేలా నీరూ

చరిత్ర గురించి పైన చెప్పినవారికన్నా నాకు ఎక్కువ తెలియదు. కానీ మీరు నాన్నగారితో అక్కడ నడుస్తున్నారన్నారు కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను. నేను పాత పారిశ్రామిక స్థలాల నేల పరీక్షల పని చేస్తాను.

మీరు చెప్పిన ఆ కాంక్రీటు చప్టా, దాని పక్క ట్యాంకు ఉన్న చోట మందులు కలిపి తొట్టిలో నింపి ఉంటారు, సాయంత్రం తొట్టినీ గొట్టాలనూ కడిగి ఉంటారు. ఆ కడిగిన నీరు చాలా ఏళ్ల పాటు పక్కన ఉన్న మట్టిలోకే పోయేది, అప్పట్లో అది మామూలు. పొలంలో ఎకరాకు కొద్దిగా పడిన మందు, చప్టా అంచున ఒకే చోట ఏళ్ల తరబడి పేరుకుంటుంది. డీడీటీని అమెరికాలో 1972లో నిషేధించారు, టాక్సఫీన్ అనే మందుకు 1982లో చాలావరకు, 1990లో పూర్తిగా అనుమతులు రద్దుచేశారు. ఈ రెండూ నేలలో అంత త్వరగా విరిగిపోయేవి కావు, ఇన్నేళ్ల తరువాత కూడా పాత వ్యవసాయ రన్‌వేల దగ్గర బయటపడుతుంటాయి. వరిచేల నాచుకూ, చిన్న రొయ్యల్లాంటి పురుగులకూ మైలుతుత్తం వాడతారు కనుక రాగి కూడా పేరుకుని ఉండవచ్చు, రాగి అసలే విరిగిపోదు. ఆ రన్‌వే నుంచి వరికే కాక చుట్టుపక్కల టమాటా చేలకూ, తోటలకూ విమానాలు వెళ్లి ఉంటే మందుల జాబితా ఇంకా పొడవుగా ఉంటుంది.

రోడ్డు మీద నడిస్తే భయపడవలసింది ఏమీ లేదు. చప్టా చుట్టూ మట్టిని తవ్వకండి, పిల్లలను అక్కడ కూర్చోనివ్వకండి, అక్కడ మొలిచిన ఆకుకూర ఎంత లేతగా కనిపించినా కోయకండి. మా అమ్మగారు ఇక్కడికి వచ్చినప్పుడు రోడ్డు పక్క గంగవాయలకూర చూసి వంగబోతే ఆపవలసి వచ్చింది, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఇంకా ముఖ్యమైన సంగతి, అది ఎవరిదో సొంత భూమి. యజమానిని అడిగి, అనుమతి తీసుకున్న తరువాతే లోపలికి వెళ్లండి.

ఈ ఆందోళన మీ చరిత్ర వేటకు ఒక విధంగా ఉపయోగపడుతుంది. కాలిఫోర్నియా విషపదార్థాల నియంత్రణ విభాగం, నీటి నియంత్రణ బోర్డు తమ పరిశీలనలో ఉన్న స్థలాల వివరాలను ఎన్విరోస్టోర్, జియోట్రాకర్ అనే రెండు జాలస్థలాల్లో అందరికీ అందుబాటులో ఉంచాయి. మీ రన్‌వేను గానీ పక్క భూమిని గానీ ఎప్పుడైనా ఇళ్ల కోసం అమ్మబోయి ఉంటే, కొనేవాళ్లు పర్యావరణ పరిశీలన నివేదిక రాయించి ఉంటారు. ఆ నివేదికలు రాసేవాళ్లు మొదట చేసే పని, ఆ నేల మీద ఎవరెవరు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏం చేశారో పాత ఫోటోలు, పటాలు పెట్టి రాయడమే. మీరు వెతుకుతున్న చరిత్రను ఎవరో ఇప్పటికే డబ్బు తీసుకుని రాసిపెట్టి ఉండవచ్చు.

రెక్కలచప్పుడు

చిన్న అనుబంధం. మన దేశంలోనూ ఈ పని కోసమే ఒక విమానం తయారైంది. బెంగళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు రూపొందించిన హెచ్ఏ-31 బసంత్ 1972 మార్చి 30న తొలిసారి ఎగిరింది. 400 గుర్రాల ఇంజను, ముందు తొట్టి, వెనక ఎత్తుగా పైలట్, అన్నీ పైన పాతపటాలు గారు చెప్పిన పద్ధతిలోనే ఉంటాయి. మొత్తం 40 లోపే తయారై 1980 నాటికి ఆగిపోయాయి. మన కమతాలు చిన్నవి, ఒక చేను పక్కన ఇంకొక పంట, దాని పక్కన చెరువు, ఇల్లు ఉంటాయి గనుక విమానం కింద సరిపడేంత పొలం ఒకరిది దొరకదు. గాలిలోంచి మందు చల్లితే ఏమవుతుందో కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటల కింద బతికిన వాళ్లు అనుభవించారు, అక్కడ హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో రైతులు డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నారు. దానికి రన్‌వే అక్కర్లేదు, గట్టు చాలు.

వరిచేలగట్టు

అందరికీ కృతజ్ఞతలు. నెల తరువాత తిరిగి రాస్తున్నాను, చెప్పడానికి కొంత దొరికింది.

పాతపటాలు గారు చెప్పిన సర్వే పటం దించుకున్నాను. మా రన్‌వే గీత ఊదా రంగులోనే ఉంది. మొదటి అచ్చు 1950ల నాటిది, సవరణ 1970లలో చేసినది. ఆ మధ్య కాలపు ఆకాశ ఫోటోలు రెండు చూశాను, ఒకదానిలో ఆ చోట ఉత్త చేను, తరువాతిదానిలో తారు పట్టీ, చప్టా దగ్గర రెండు లారీలు, షెడ్డు పక్కన జంటరెక్కల విమానం ఒకటి ఉన్నాయి. నాన్నగారు భూతద్దం అడిగి తీసుకుని ఆ రెక్కలను చాలాసేపు చూశారు. 2003 నాటి ఫోటోలో తారు మీద చారలు లేవు, చివర్లో గడ్డి మొదలైంది.

పంజాబీ పెద్దాయన సాయంతో భూమి యజమాని కుటుంబాన్ని కలిశాం. రన్‌వేను వాళ్ల తాతగారు వేయించారట. ఆయన పైలట్ కాదు, రైతు. సీజన్లో బయటి పైలట్ వచ్చి వాళ్ల చేలకూ చుట్టుపక్కల వాళ్ల చేలకూ విత్తనాలు చల్లి వెళ్లేవాడట, రన్‌వే వాడుకున్నందుకు అద్దె బదులు వాళ్ల చేలకు కొంత తగ్గింపు ధరకు చల్లేవాడట. ఆ పైలట్ పని మానేశాక వచ్చిన సంస్థకు సొంత రన్‌వే వేరే చోట ఉంది. అంతే, ఇక్కడికి విమానం రావడం ఆగిపోయింది. ఫలానా రోజున మూసేశామని వాళ్లకూ చెప్పడం కుదరలేదు, ఎందుకంటే ఎవరూ మూసేయలేదు. బాపట్ల పూర్వవిద్యార్థి గారి లెక్కను నాన్నగారు నాచేత కాగితం మీద రాయించి వాళ్లకు వివరించారు, ఆ ఇంటి పెద్దావిడ తలూపుతూ విన్నారు.

వాళ్ల అనుమతితో షెడ్డు దాకా వెళ్లాం, చప్టా అంచుకు మాత్రం వెళ్లలేదు. షెడ్డు తలుపు వెడల్పు నలభై అడుగులకు కొంచెం పైన వచ్చింది. వెనక, కాలువలోకి దిగే కాంక్రీటు మెట్లు నాలుగు ఉన్నాయి. అవి ఎందుకో నాకు అర్థం కాలేదు. నాన్నగారు చూడగానే విత్తనం బస్తాలు నానబెట్టడానికని అన్నారు. మా ఊళ్లో కూడా గోతాలకు తాడు కట్టి పంటకాలువలో దింపి, మర్నాడు పైకి లాగి ఒడ్డున నీరోడ్చేవాళ్లం. పెద్దావిడను అడిగితే అవునన్నారు, తన చిన్నతనంలో వసంతకాలంలో ఆ మెట్ల మీద తడి బస్తాలు వరుసగా పేర్చి ఉండేవని, వాటిమీద ఆడుకోవద్దని తిట్లు తినేదాన్నని చెప్పారు.

ఈ ఏడాది కోతలయ్యాక అక్కడ వాల్‌నట్ మొక్కలు పెట్టాలనుకుంటున్నారు. తారు తవ్వడానికి ముందు మట్టి పరీక్ష చేయించమని నేలా నీరూ గారి మాటలు వాళ్లకు చెప్పాను, కౌంటీ కార్యాలయాన్ని అడుగుతామన్నారు. ఈలోగా రన్‌వే రెండు చివరలూ, షెడ్డు, ఆ మెట్లు కొలతలతో ఫోటోలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. నాన్నగారి తిరుగు ప్రయాణం సెప్టెంబరు చివర్లో ఉంది, అంతకు ముందే వచ్చే రెండు ఆదివారాలు ఆ పనికి పెట్టుకున్నాం. కౌంటీ చరిత్ర సంఘాలకు ఇలాంటి ఫోటోలు ఇచ్చిన అనుభవం ఎవరికైనా ఉంటే, ఏ వివరాలు రాసి ఇవ్వాలో చెప్పగలరు.